పూటపడేవారు ఎవరు?

గత వేసవి సెలవులలో జరిగిన యౌవనస్థుల కూడికలో ఒక చిన్నవాడు లేచి ఒక ప్రశ్న వేశాడు. "తప్పు చేసినవాని పక్షమున పెద్దలు నిలబడితే, వాని చేతిలో దెబ్బ తిన్నవానికి అన్యాయము చేసినట్టు కాదా?" పుస్తకములో చదివి అడిగిన ప్రశ్న కాదది. తన వీధిలో చూచి అడిగాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దలము ఒకరి ముఖము ఒకరము చూచుకొన్నాము. ఎవరికి తోచినది వారము చెప్పాము గాని ఆ జవాబులు మాకే చాలలేదు. అప్పటినుండి ఆలోచిస్తూ వచ్చినది ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు జరిగిన సంగతి చెప్పాలి. 2009లో, మనవారు తరతరాలుగా స్థిరపడిన మహారాష్ట్ర సాంచాల ఊళ్ళలో ఒకదానిలో ఇది జరిగింది. ఊరి పేరు, మనుష్యుల పేర్లు వ్రాయుట లేదు. నేరము మోపబడిన పిల్లవాని గుర్తు బయటపడేటట్టు వ్రాయరాదని చట్టమున్నది. మన సంఘములలో ఆ జాగ్రత్త ఇంకా అవసరము. షోలాపూరులో ఉదయము పుట్టిన మాట సాయంత్రానికి భివండి చేరుతుంది, దారిలో రెండు కొమ్ములు మొలిపించుకొని మరీ చేరుతుంది.

మైదానములో టెన్నిస్ బంతితో క్రికెట్ పందెము ఆడారు. 200 రూపాయల దగ్గర మాట పెరిగింది. అయిదుగురు కుర్రవాళ్ళు కలిసి ఒకణ్ణి చుట్టుముట్టారు. వారిలో పెద్దవాని చేతిలో చెరకు నరికే కోయతా ఉన్నది. దెబ్బ తిన్నవానికి 17 ఏళ్ళు, రాత్రిపూట సాంచాల మీద పనిచేసేవాడు, ఆదివారము మన పాటల బృందములో ఉండేవాడు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు నరాలు తెగిపోయాయి. ఆసుపత్రిలో కుట్లు వేశారు గాని ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు. సాంచా పని తెలిసినవారికి దీని అర్థము చెప్పనక్కరలేదు. తెగిన పోగును పట్టి ముడివేసేది ఆ వేళ్ళే.

ఆ అయిదుగురిలో, అతణ్ణి వెనుకనుండి పట్టుకొన్నవాడు కూడ మన సంఘపు పిల్లవాడే. 16 ఏళ్ళవాడు. తండ్రి భివండిలో పని, రెండు నెలలకొకసారి వచ్చేవాడు. తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. ఆమెకు తెలుగు తప్ప రాదు, వేలిముద్రే సంతకము. పోలీసులు మరాఠీలో చెప్పినది సగము అర్థమై, సగము కాక, చీకటి పడినాక మా దగ్గరకు వచ్చింది. "బోర్డు ముందు ఎవరైనా పెద్దమనిషి సంతకము పెడితే పిల్లవాణ్ణి ఇంటికి పంపుతారంట సారూ. మీరెవరైనా రండి" అన్నది.

సంఘ పెద్దలము ఏడుగురము కూర్చున్నాము. ఒకరిది ప్రభుత్వ ఉద్యోగము. ఇంకొకరి కుమార్తెకు సంబంధము కుదిరి ఉన్నది. బడి యాజమాన్యము ఏమంటుందో అని మాకు భయము. ఇంతలో దెబ్బ తిన్న పిల్లవాని తల్లి, విధవరాలు, గుమ్మము దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. "వాడికి మీరు పూటపడితే నా కొడుకు వేళ్ళకు ఎవరు పూటపడతారు?" అని అడిగింది.

పూటపడుట అన్న మాట ఇప్పటి పిల్లలకు విప్పి చెప్పవలసి వస్తున్నది. ఒకని అప్పుకో, నడతకో "నేను బాధ్యుడను" అని మరొకడు నిలబడుట. వీధిలో జామీను అంటాము. మన బైబిలులో ఈ మాట రెండు విధాలుగా కనబడుతుంది. ఇతరులకు పూటపడి చిక్కుకోవద్దని సామెతల గ్రంథము గట్టిగా హెచ్చరిస్తుంది. ఆదికాండములో యూదా తన తమ్ముడు బెన్యామీను కొరకు తండ్రి యెదుట పూటపడతాడు. పౌలయితే ఒనేసిము వలన నష్టమేమైన ఉంటే తన లెక్కలో వేయమని ఫిలేమోనుకు వ్రాశాడు. ఆ రాత్రి మా ఏడుగురికీ సామెతల గ్రంథమే జ్ఞాపకమునకు వచ్చింది. మిగిలిన రెండూ రాలేదు. ప్రార్థన చేసి ఎవరి ఇళ్ళకు వారము వెళ్ళిపోయాము.

ఆ తల్లి ప్రశ్న న్యాయమైనది. అందులో సందేహము లేదు. కాని ఆ ప్రశ్నను మేమేమి చేశామో ఒప్పుకోవాలి. మా భయానికి దానిని గొడుగుగా పట్టుకొన్నాము. "ఆమెను నొప్పించలేక ఊరుకొన్నాము" అని చెప్పుకొన్నాము. మరి ఆమె కొడుకు వేళ్ళకు మేము పూటపడ్డామా? ఒక ఆదివారము ప్రత్యేక కానుక పట్టాము, 1,140 రూపాయలు వచ్చింది. అంతే. ఒకనికి దయ నిరాకరించినందున రెండవవానికి న్యాయము కలిగినది లేదు. ఆ పిల్లవాణ్ణి వదిలేశాము, ఈ పిల్లవాణ్ణీ వదిలేశాము. వేసవి కూడికలో ఆ చిన్నవాడు వేసిన ప్రశ్నలో దాగిన పొరపాటు ఇదే అని మాకు ఇప్పుడు తోస్తున్నది. తప్పు చేసినవాడు ఒక పళ్ళెములో, నష్టపోయినవాడు ఇంకొక పళ్ళెములో ఉన్నట్టు, ఒకనికి తీసి ఇస్తేనే మరొకనికి దక్కేటట్టు మనము లెక్క వేస్తాము. పెద్దలమైన మన చేతిలోనుండి ఏమీ పోకుండ జరిగే లెక్క అది.

ఇక చట్టము సంగతి. దీనిని గూర్చి మనవారిలో చాలమందికి తెలిసినది తక్కువ. పిల్లలను పెద్దలతో సమానముగా విచారించి పెద్దల జైలులో వేయరాదన్న ఆలోచన నిన్నటిది కాదు. 1920లో మద్రాసు, 1924లో బొంబాయి బాలల చట్టములు చేశాయి. దేశమంతటికీ 1986లో ఒక చట్టము వచ్చింది, మగపిల్లలకు 16 ఏళ్ళు, ఆడపిల్లలకు 18 ఏళ్ళు హద్దు. 2000 చట్టము ఇద్దరికీ 18 చేసింది. ఆ తరువాత 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఆ ఘోరము జరిగింది. ఆరుగురు నిందితులలో ఒకనికి 18 నిండలేదు. 2013 ఆగస్టులో వానికి మూడేళ్ళు ప్రత్యేక గృహములో ఉంచాలని తీర్పు వచ్చినప్పుడు దేశము మండిపడింది. మేమూ మండిపడ్డవారమే, ఇందులో దాచుకొనేది లేదు. 2015 డిసెంబరులో వాడు విడుదలైన రెండు దినములకే రాజ్యసభ కొత్త చట్టము ఆమోదించింది. 2016 జనవరి 15 నుండి అది అమలులో ఉన్నది. 16 నుండి 18 ఏళ్ళ మధ్యవాడు అతి ఘోరమైన నేరము చేశాడని ఆరోపణ ఉంటే, వాని మానసిక పరిణతి, నేరము జరిగిన పరిస్థితులు పరిశీలించి, పెద్దవానిగా విచారించుటకు పంపే వీలు ఇప్పుడు ఉన్నది. అప్పుడు కూడ మరణశిక్ష గాని, విడుదలకు అవకాశమే లేని యావజ్జీవ శిక్ష గాని వేయరాదు.

కాగితము మీద ఈ చట్టము పిల్లలను ప్రేమించేవారు వ్రాసినదే. పట్టుబడిన పిల్లవాణ్ణి పోలీసు లాకప్పులో ఉంచరాదు. 24 గంటలలో బోర్డు ముందుకు తేవాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరైనా స్త్రీ ఉండాలి. జామీను ఇచ్చుటే పద్ధతి, నిరాకరించాలంటే కారణము వ్రాయాలి. పూచీ ఉన్నా లేకపోయినా విడిచిపెట్టవచ్చు, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు, లేదా "తగిన వ్యక్తి" సంరక్షణకు అప్పగించవచ్చు. నేరము రుజువైనాక కూడ మందలించి పంపుట, సమాజ సేవ చేయించుట, మంచి నడత షరతు మీద తల్లిదండ్రులకో తగిన వ్యక్తికో అప్పగించుట వంటివి ఉన్నాయి. గృహములో ఉంచుట చివరి మార్గము.

ఇందులో మమ్మును ఆపిన మాట ఆ "తగిన వ్యక్తి". పిల్లవాని వెనుక ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడని ఈ చట్టము అడుగడుగునా నమ్ముకొని ఉన్నది. అతడు ఉంటే చట్టములోని దయ అంతా పనిచేస్తుంది. అతడు లేకపోతే అదే చట్టము తాళమువేసిన గది అవుతుంది. "చెడు సావాసములో పడతాడు" అని జామీను నిరాకరించే వీలు చట్టములోనే ఉన్నది. తల్లికి భాష రానప్పుడు, తండ్రి ఊళ్ళో లేనప్పుడు, పెద్దలు ప్రార్థన చేసి ఇంటికి వెళ్ళిపోయినప్పుడు, బోర్డువారు మరేమి వ్రాస్తారు?

2022లో దేశమంతటా 18 ఏళ్ళలోపు వారి మీద 30,555 కేసులు నమోదయ్యాయి. పట్టుబడినవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా 16 నుండి 18 ఏళ్ళవారు. వారిలో ఎక్కువమంది దిక్కులేనివారు కారు, తల్లిదండ్రులతో ఇంట్లో ఉంటున్నవారే. ఏ సంవత్సరపు లెక్కలు చూచినా ఇంచుమించు ఇదే కనబడుతుంది. అంటే తల్లిదండ్రులున్నారు, కాని బోర్డు ముందు నోరు విప్పి నిలబడగలవారు లేరు. ఉన్న ఊరు విడిచి వచ్చిన మనవంటివారి ఇళ్ళలో ఇది మరీ ఎక్కువ. కచేరీ భాష ఒకటి, ఇంటి భాష ఒకటి. మరాఠీ, తమిళము, కన్నడము, ఒడియా మన పిల్లలకు వచ్చినంత బాగా మనకు రావు. పోలీసులు చెప్పినది తల్లికి తర్జుమా చేసేది కూడ ఆ నేరము చేసిన పిల్లవాడే అయిన సందర్భములు మాకు తెలుసు.

మరల 2009కి వస్తాము. పిల్లవాడు అయిదు వారములు పరిశీలన గృహములో ఉన్నాడు. ఆరవ వారములో ఒకడు వచ్చి సంతకము పెట్టాడు. వకీలును కూడ వెంట తెచ్చాడు. క్యారమ్ క్లబ్బు నడిపే మనిషి, కుర్రవాళ్ళంతా దాదా అని పిలిచేవారు. బోర్డు ముందు వినయముగా నిలబడి, తల్లి తరఫున మరాఠీలో మాట్లాడి, పిల్లవాణ్ణి బండి మీద ఇంటి దగ్గర దింపాడు. ఆ తల్లి అతని కాళ్ళకు మ్రొక్కిందని తరువాత విన్నాము. ఆమెను తప్పుపట్టే అర్హత మా ఏడుగురిలో ఎవరికీ లేదు.

గ్యాంగు అంటే ఏమిటో మాకు అప్పుడు అర్థమైంది. కోయతాలు, బండ్లు, మెడలో గొలుసులు చూచి పిల్లలు పాడైపోతున్నారని అనుకొంటాము. 2022, 2023లో పూణే పత్రికల నిండ కోయతా గ్యాంగుల వార్తలే, పట్టుబడినవారిలో మీసము రానివారు ఎందరో. కోయతా పైకి కనబడేది మాత్రమే. గ్యాంగు అసలు ఇచ్చేది జామీను. చౌకీకి ఎవరు వస్తారు? ఆసుపత్రికి ఎవరు వస్తారు? చెల్లెలి ఫీజుకు 500 ఎవరిస్తారు? ఈ మూడింటికీ ఒకే మనిషి పేరు వినబడే వీధిలో, పిల్లవాడు ఆ మనిషికే చెందుతాడు. ఆ జామీనుకు వడ్డీ మాత్రము తీరదు. మన పిల్లవాడు ఆ సంతకము అప్పు ఏళ్ళ తరబడి తీర్చాడు. డబ్బు సంచులు మోశాడు, ఇంకొకరి తరఫున తన్నాడు, తన్నులు తిన్నాడు. 23వ ఏట మరొక కేసులో పట్టుబడినప్పుడు బాలల చట్టము దాటిపోయింది. కోర్టు ఆవరణలో బేడీలతో కనబడి "నమస్కారం సార్" అన్నాడు. బడిలో ఎలా అనేవాడో అలాగే.

బడి అంటే మా బడి. ఇది చెప్పకుండ దాటిపోవాలనుకొన్నాము, కాని కుదరదు. వాడు ఎనిమిదవ తరగతిలో ఉండగా బ్లేడుతో తోటివాని సంచి కోశాడు, అంతకుముందు రెండు తగాదాలు. "ఒక కుళ్ళిన పండు" అన్న మాట స్టాఫు గదిలో అందరి నోటా వచ్చింది. పేరు కొట్టివేస్తే విచారణ వస్తుంది గనుక, తల్లిని పిలిపించి దాఖలా తీసుకొని పొమ్మన్నాము. ఆమె కోరినట్టు అర్జీ మరాఠీలో వ్రాసినది మేమే. ఆమె వేలిముద్ర వేసింది. కారణము అన్న గడిలో "తల్లి కోరిక మేరకు", ప్రవర్తన అన్న గడిలో "మంచిది" అని వ్రాశాము. ఇంకొక బడి చేర్చుకోవాలని ఆ "మంచిది". ఏ బడీ చేర్చుకోలేదు. ఉపాధ్యాయ శిక్షణలో పిల్లవాని మనస్తత్వమును గూర్చి రెండు పేపర్లు వ్రాసి మార్కులు తెచ్చుకొన్నవారమే మేము. 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టము అమలైంది. ఎనిమిది పూర్తయ్యేవరకు ఏ పిల్లవాణ్ణీ బడినుండి తీసివేయరాదని అది చెప్తున్నది. మంచిదే. కాని తల్లి కోరిక అన్న గడి ఇంకా అలాగే ఉన్నది.

దేశములో ఈ మధ్య జరిగిన రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చూడమని మనవి. 2022 డిసెంబరు చివరలో తమిళనాడులో 17 ఏళ్ళ పేద పిల్లవాణ్ణి రైల్వే బ్యాటరీలు దొంగిలించాడన్న ఆరోపణ మీద చెంగల్పట్టులోని పరిశీలన గృహమునకు పంపారు. డిసెంబరు 31న వాడు చనిపోయాడు. కొట్టి చంపారన్న కేసులో ఆ గృహపు సిబ్బంది ఆరుగురిని తరువాత అరెస్టు చేశారు. 2024 మే 19న పూణేలో 17 ఏళ్ళవాడు ఖరీదైన కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణాలు తీశాడన్న కేసు వచ్చింది. ఆ రోజే బోర్డు జామీను ఇచ్చింది. రోడ్డు ప్రమాదములను గూర్చి 300 మాటల వ్యాసము వ్రాయమన్న షరతు దేశమంతా తెలిసిందే. మనుమణ్ణి చెడు సావాసమునకు దూరముగా ఉంచుతానని తాతగారు హామీ ఇచ్చారు. జనము కోపగించాక పిల్లవాణ్ణి పరిశీలన గృహమునకు పంపారు. జూన్ 25న హైకోర్టు ఆ ఉత్తర్వు చట్టవిరుద్ధమని విడిపించి మేనత్తకు అప్పగించింది. రక్త నమూనా మార్పించారన్న ఆరోపణ మీద అరెస్టయినవారంతా పెద్దవారే.

పూణే వార్త చదివి మనవారు చాలమంది "చట్టము మెతకైపోయింది, కఠినము చేయాలి" అన్నారు. ఆ ఇద్దరు చనిపోయినవారి తల్లిదండ్రుల దుఃఖము తలచుకొంటే ఆ మాట అనబుద్ధవుతుంది. అయితే కఠినము చేసిన చట్టము ఎవరిమీద పడుతుంది? తాతగారు, మేనత్త, వకీలు వరుసగా నిలబడిన పిల్లవాని మీద కాదు. బ్యాటరీలవాని మీద పడుతుంది. పూణే పిల్లవానికి దొరికిన జామీను తప్పని మేము అనలేము, చట్టము ప్రతి పిల్లవానికీ ఇమ్మన్నదే అది. నమూనా మార్పించారన్నది రుజువైతే అది దయ కాదు, దొంగతనము. మా బాధ ఏమిటంటే ఆ దయ చెంగల్పట్టుకు చేరలేదు. చేర్చే మనిషి లేడు.

ఇంత వ్రాసి, మేమిప్పుడేమి చేస్తున్నామని అడిగితే చెప్పగలిగినది కొంచెమే. 2023లో మన సంఘపు పిల్లవాడే మరొకడు, 15 ఏళ్ళవాడు, బండి మీద వెళుతూ ఒక పెద్దావిడ చేతిలోని ఫోను లాగాడు. ఆమె పడిపోయి మణికట్టు విరిగింది. ఈసారి ఇద్దరము బోర్డు ముందుకు వెళ్ళాము. తల్లి తెలుగు మాటలు మరాఠీలో చెప్పాము. సంతకము పెట్టాము. వయసు, వృత్తి, చిరునామా అడిగి, "మీకు ఈ అబ్బాయి ఏమవుతాడు?" అన్నారు. ఒక నిమిషము తడబడి "మా సంఘపు పిల్లవాడు" అన్నాము. వ్రాసుకొన్నారు.

తరువాత ప్రొబేషన్ అధికారిని అడిగి, ఆమె అనుమతితో ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళాము. కేసు మాట ఎత్తలేదు, క్షమించమని అడగలేదు. అలా అడుగుట ఆమె మీద ఇంకొక బరువు పెట్టుటే. కట్టుకయిన ఖర్చు సంఘపు బీదల నిధినుండి ఇచ్చాము. ఆమె మరాఠీలో చాలసేపు తిట్టింది, విన్నాము. పిల్లవాని సంగతి పొంగిపోయేటట్టు ఏమీ లేదు. ఒకసారి రెండు రోజులు కనబడకుండ పోయాడు, రాత్రి పదకొండు గంటలకు బస్టాండులో దొరికాడు. ఆ రోజున ఈ సంతకము ఎందుకు పెట్టామా అనిపించిన మాట నిజము. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ నేర్చుకొంటున్నాడు, హాజరు సగము. రేపు ఏమవుతాడో చెప్పలేము. సామెతల గ్రంథపు హెచ్చరిక ఊరికే వ్రాసినది కాదని కూడ తెలిసివచ్చింది.

ఆ పెద్దావిడ ఇంటికి మేము వెళ్ళిన సంగతి సంఘములో పాకింది. ఒక ఆదివారము ఆరాధన అయినాక, 2009లో గుమ్మము దగ్గర నిలబడిన ఆ విధవరాలు మమ్మును గేటు దగ్గర ఆపింది. కోపముగా అనలేదు. "ఎవరో తెలియని ఆమె ఇంటికి పోయినారంట సారూ. మా ఇంటికి ఎందుకు రాలేదు?" అన్నది.

చెప్పుకోవడానికి మా దగ్గర ఏమీ లేదు. ఆ వారము ఆమె ఇంటికి వెళ్ళాము, పద్నాలుగు సంవత్సరములు ఆలస్యముగా. టీ ఇచ్చింది. కొడుకు ఇంట్లో లేడు. ఒక గోదాములో కాపలా పని, రాత్రి డ్యూటీ. వాడు వచ్చే వేళ అడిగి తెలుసుకొని, శనివారము ఉదయము మళ్ళీ వస్తామని చెప్పి బయలుదేరాము.